కాయ ఏటంటంది?

మన్యం జ్వరం నుంచి లేచి మా నాన్న మళ్లీ కొట్లో కూర్చున్న ఏడాది నాకు పద్నాలుగేళ్లు. అప్పటికి రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోనే ఉంది. స్టేషను నుంచి బజారులోకి వచ్చే దారిలో మాకో పళ్ల కొట్టు ఉండేది. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి మా తాత పెట్టిన కొట్టు అది. ఏడాది పొడుగునా అరటి గెలలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్మేవాళ్లం. శివరాత్రి వెళ్లి ఎండ ముదిరిందంటే మాత్రం కాలు పెట్టే చోటు లేకుండా పుచ్చకాయలే.

పుచ్చకాయ ఏరడంలో నాన్నకు పేరుండేది. బజారులో మిగతావాళ్లు కాయకు మూడు మూలల గాటు పెట్టి, ముక్క బయటికి తీసి, ఎరుపు చూపించి అమ్మేవాళ్లు. మా కొట్లో కత్తే ఉండేది కాదు. నాన్న కాయను ఎడమ అరచేతిలోకి ఎత్తి, చంటిపిల్లను భుజానికి ఎత్తుకున్నట్టు చెవి దాకా తెచ్చి, కుడిచేతి నడిమివేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టేవాడు. రెండే. తర్వాత కొన్నవాళ్ల చేతిలో పెట్టి, "ఇంటికెళ్లి కోసుకోండి" అనేవాడు. తెల్లకాయ వచ్చిందని తిరిగి తెచ్చినవాళ్లను నేనెరగను.

"కోసి సూపించేమంటే మన మాట మీద మనకే నమ్మకం లేదనేసి" అని ఆయన సిద్ధాంతం.

నాకూ నేర్పాడు. నా నుదుటి మీద వేలితో కొట్టి, "ఇలా టంగుమంటే పచ్చికాయమ్మీ" అన్నాడు. తన రొమ్ము మీద కొట్టుకుని, "ఇదీ పండు సప్పుడు" అన్నాడు. పొట్ట మీద కొట్టుకుని, "ఇలా బద్దుమంటే ముగ్గిపోయింది, ఆవుకి పడీ" అన్నాడు. నాకు ఆరేళ్లప్పటి మాట. తర్వాత కొన్నాళ్లు ఇంట్లో అందరినీ కొట్టి చూస్తూ తిరిగానని అమ్మ చెప్పేది.

ఆ ఏడు పుష్యమాసంలో నాన్నకు జ్వరం వచ్చింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. క్వినైను ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు. ఇంటికొచ్చేసరికి చొక్కా వంకీకి తగిలించినట్టు వేలాడుతోంది. "సెవుల్లో కీసురాళ్లు అరుస్తన్నాయే" అని అమ్మతో అన్నాడు. క్వినైనుకు అలాగే ఉంటుందని, కొన్నాళ్లకు సర్దుకుంటుందని ఆసుపత్రిలో చెప్పి పంపారు. పది రోజులయ్యాక నాన్న ఆ మాట ఎత్తడం మానేశాడు. తగ్గిందనుకున్నాం.

కానీ మనిషి కుదురుగా కూర్చోవడం లేదు. కొట్లో బల్ల మీద కూర్చున్నవాడు చటుక్కున లేచి అరటి గెలలు ఈ కొక్కెం నుంచి ఆ కొక్కేనికి మార్చేవాడు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచేవాడు. తెల్లవారకముందే లేచి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. ఎవరైనా కొట్టు ముందు ఆగితే వాళ్లు నోరు తెరవకముందే తనే గట్టిగా మొదలుపెట్టేవాడు. "రండి రండి, పుచ్చకాయలేనా? ఇసక కాయలండి, పంచదారే!" మాట తనే మాట్లాడుతుంటే ఎదుటివాళ్ల మాట వినే పని ఉండదని అప్పుడు నాకు తోచలేదు.

మధ్యాహ్నం గూడ్సు బండి వచ్చేటప్పుడు ఇంజను కూత మా కొట్టు రేకులు అదిరేలా వినిపించేది. ఆ కూత పడ్డంతసేపు బజారులో అందరూ మాటలాపేసి, అయ్యాక మొదలుపెట్టేవాళ్లు. పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఒక రోజు అలాగే కూత మొదలైంది. ఎదురుగా ఉన్న మనిషి ఆగాడు, నేను ఆగాను. నాన్న ఆగలేదు. కూత మధ్యలోంచి ఆయన పెదాలు ఆడుతూనే ఉన్నాయి. నా చేతిలో నిమ్మకాయల బుట్ట జారిపోబోయింది.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. రెండు దెబ్బలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. కాయను చెవికి మరీ గట్టిగా నొక్కుకునేవాడు. అమ్మతో చెప్పాలా వద్దా? చెబితే ఆయనకు కోపం వస్తుందా? నేను పొరబడ్డానేమో? ఒంటిపూట బడిలో కూర్చుని లెక్కలు చేస్తుంటే నా కాలు దానంతటదే ఊగేది. మాస్టారు రెండుసార్లు కసిరారు. గంట కొట్టగానే ఇంటికి కూడా వెళ్లకుండా కొట్టుకు పరుగెత్తేదాన్ని, నేను లేని ఆ నాలుగు గంటల్లో ఏదో జరిగిపోయినట్టు.

కాయలు నాగావళి ఇసుక మేటల మీద నుంచి వచ్చేవి. వేసవిలో నది ఒక పక్కకు ఒదిగి పారుతుంటే, మిగిలిన ఇసుకలో గోతులు తీసి, పెంట వేసి పాదులు పెట్టేవాళ్లు. ఒక ఒడియా ముసలామె దగ్గరే మా తాత నాటి నుంచి బేరం. మేమందరం ఆమెను మావుసీ అనేవాళ్లం, అంటే పిన్ని అని. ఆమెకు తెలుగు రాదు, నాన్నకు ఒడియా బజారు మాటలు మాత్రమే వచ్చు. బడిలో ఒడియా చదువుకున్నది నేనే. ఐనా నాన్న ఎప్పుడూ నన్ను తీసుకెళ్లలేదు. ఒక్కడే పొద్దున్నే వెళ్లి, కాయ కాయా కొట్టి ఏరి, బండి మీద వేయించుకుని వచ్చేవాడు.

ఆ ఏడు మొదటిసారి నన్ను రమ్మన్నాడు.

"గొడుగట్టుకోడానికి రామ్మీ" అన్నాడు.

జ్వరం పడి లేచిన మనిషి కదా అని అమ్మ సరేనంది. తీరా వెళ్లాక గొడుగు తెరవనే లేదు. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని మొదటి కాయ ఎత్తాడు. కొట్టాడు. కొట్టి నా ముఖంలోకి చూశాడు. చప్పుడు నాకు వినబడింది, నిండుగా, లోతుగా. పండు కాయ. నాకు తెలియకుండానే నా ముఖం విచ్చుకుని ఉంటుంది. నాన్న దాన్ని పక్కన పెట్టుకున్నాడు. రెండోది టంగుమంది. నేను కనుబొమలు ముడిచానేమో, దాన్ని పాదులోనే వదిలేశాడు. మూడోది. నాలుగోది. పదో కాయకి నాకు పూర్తిగా అర్థమైంది. ఆయన వింటున్నది కాయను కాదు, నా ముఖాన్ని.

ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు. మూడు వారాల పాటు రోజు విడిచి రోజు నదికి వెళ్లాం. పండు కాయలే వచ్చాయి. బజారులో నాన్న పేరు చెక్కుచెదరలేదు. నాకు మాత్రం నా ముఖం నాది కానట్టు ఉండేది. నది దగ్గర ఉన్నంతసేపూ తుమ్ము రాకూడదు, ఈగ వాలకూడదు, ఇంకో ఆలోచన రాకూడదు. ఏదో గుర్తొచ్చి నవ్వానంటే ఒక పచ్చికాయ బండెక్కేస్తుంది. కొట్లో ఉన్నా అంతే. ఎవరేమడిగినా ముందు నాన్న చూపు నా వైపు తిరిగేది. కప్పలా ఎగిరి ఎటైనా పారిపోవాలనిపించేది.

వైశాఖంలో రైల్వే కాలనీలో ఒక గార్డు గారి అమ్మాయి పెళ్లి కుదిరింది. ఆయనది విజయనగరం. పెళ్లివారికి మధ్యాహ్నం పుచ్చకాయ ముక్కలు పెట్టాలని, బండెడు కాయలు కావాలని స్వయంగా వచ్చి చెప్పి వెళ్లాడు. "మీరు ఏరితే నాను సూసుకోనక్కర్లేదు సావుకారూ" అన్నాడు. నాన్న నా వైపు చూసి తలాడించాడు. ఎప్పటికి, ఎన్ని అన్నది ఆయన వెళ్లాక నేనే పద్దు పుస్తకంలో రాసి పెట్టాను.

పెళ్లికి ముందు రోజు పొద్దున మేము నదికి బయలుదేరబోతుంటే ఒకావిడ వచ్చి నిమ్మకాయలు అడిగింది. నాన్న కొబ్బరికాయ తీసి ఇచ్చాడు. నేను మెల్లగా, "నిమ్మకాయలంట నాన్నా" అన్నాను. ఆయనకు వినబడలేదు. చెయ్యి తట్టి, బుట్ట చూపించి మళ్లీ గట్టిగా చెప్పాను. ఆవిడ ముందే నా మీద విరుచుకుపడ్డాడు.

"నాకినబడ్డాది! నువ్వు సెప్పక్కర్లేదు. నీకేటి తెలుసని మద్దిలో దూరుతావు?"

నదికి వెళ్లే దారంతా నా చెవులు వేడిగా ఉన్నాయి. సరే, నాకేమీ తెలియదు, చెప్పక్కర్లేదన్నాడు కదా, చెప్పను అనుకున్నాను. అడిగితే చెబుతాను. నోరు విప్పి అడగాలి.

నాన్న మొదటి కాయ కొట్టి నా వైపు చూశాడు. నేను ముఖం గోడలా పెట్టుకున్నాను. మళ్లీ కొట్టాడు. మళ్లీ చూశాడు. ఆయన కణతల మీద నుంచి చెమట కారుతోంది. అడుగు, అడుగు నాన్నా అని లోపల అంటూనే ఉన్నాను. ఆయన అడగలేదు. కొంచెంసేపు కాయను అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత ఇంక నా వైపు చూడకుండా గబగబా ఏరడం మొదలుపెట్టాడు. పెద్దవి, అందంగా ఉన్నవి. మావుసీ దగ్గరికొచ్చి, "కంచా, కంచా" అంటూ కొన్నిటిని చూపించింది. పచ్చివి అని. నాన్న ఆమె వైపు తిరగలేదు. ఆ మాట ఆయనకు అందించాల్సినదాన్ని నేనే. నేను నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. బండి నిండింది. వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నుంచీ నాకు కాలు నిలవలేదు. ఇంట్లో ఉండలేక కొట్టుకు వచ్చాను, కొట్లో ఉండలేక స్టేషను దాకా వెళ్లి వచ్చాను. కొన్నయినా పండినవి ఉంటాయిలే అనుకున్నాను. పెళ్లి సందట్లో ఎవరు చూస్తారులే అని కూడా అనుకున్నాను.

మిట్ట మధ్యాహ్నం గార్డు గారు వచ్చాడు. పట్టు పంచె మీదే వచ్చాడు. చేతిలో సగం పుచ్చకాయ. పక్కగా నిలబడ్డ నాకు లోపల కనిపించింది. అంతా తెలుపు, నడుమ కొంచెం గులాబీ రంగు, గింజలు కూడా తెల్లగానే ఉన్నాయి. వెనక పెళ్లివారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆయన అరవలేదు. కాయను బల్ల మీద బోర్లించి, తల వంచుకునే అన్నాడు.

"ఇదేటి సావుకారూ? వియ్యాలవారి ముందు నా పరువు తీసేసేవు. అన్నీ ఇలాగే ఉన్నాయి."

కాయ బోర్లా ఉంది. లోపలి తెలుపు నాన్నకు కనిపించలేదు, మాట వినిపించలేదు. పెళ్లింటి మనిషి పట్టు బట్టలతో కొట్టు దాకా వచ్చాడన్నదొక్కటే కనిపించింది. నాన్న ముఖమంతా నవ్వుతో నిండిపోయింది. చేతులు జోడించాడు.

"బాగున్నాయా బాబూ? ఇసక కాయలండి, పంచదారే!"

వెనక ఉన్నవాళ్లలో ఒకడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు అరటిపళ్ల బండి వాడికి, ఎదురు కొట్టు వాళ్లకు పాకింది. నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వుతున్నాడు. అది చూడలేకపోయాను.

"నవ్వకండి! మా నాన్నకి ఇనబడదు!" అని అరిచాను. "జొరమొచ్చినప్పట్నుంచీ ఇనబడదు. మీరేటన్నారో ఆయనకి తెలీదు."

నవ్వులు ఆగిపోయాయి. గార్డు గారి ముఖం మాడిపోయింది. నాన్న నా నోరు చూశాడు, ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చాడు, చివరకు బల్ల మీది కాయను తిప్పి చూశాడు. తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకుని, కొట్టు వదిలేసి ఎండలోకి నడిచి వెళ్లిపోయాడు.

అమ్మకు చెప్పడానికి ఇంటికి పరుగెత్తాను. మొత్తం చెప్పాను, నా ముఖం సంగతి ఒక్కటి తప్ప. అమ్మ కొట్టు దగ్గరికి, నేను వెతకడానికి బయలుదేరాం. ముందు రైలు వంతెన దగ్గరికే ఎందుకు వెళ్లానో ఇప్పటికీ పైకి చెప్పలేను. అక్కడ లేడు. స్టేషనులో లేడు. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. చివరకు ఇసుకలోకి దిగాను. దూరం నుంచే మావుసీ తాటాకుల పాక, పాక నీడలో నాన్న తెల్ల చొక్కా కనిపించాయి. అక్కడే కూలబడి కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని వెళ్లాను.

మావుసీ ఆయన ముందు రెండు కాయలు బోర్లించి, నేలకు ఆనే వైపు మచ్చను చూపిస్తోంది. ఒకదాని మచ్చ తెల్లగా ఉంది, రెండోది వెన్న రంగులో పసుపుగా ఉంది. పసుపు మచ్చ మీద వేలు పెట్టి, "పాచిలా" అంటోంది. పండింది అని. తర్వాత పాదు దగ్గరికి లాక్కెళ్లి తొడిమ పక్కనుండే నులితీగ చూపించింది. అది ఎండి మెలిక పడితే కాయ తయారైనట్టు. ఆమె నోటితో ఎంత చెబుతోందో చేతులతో అంత చెబుతోంది. వాళ్లిద్దరి మధ్యా బేరం మొదటి నుంచీ చేతులతోనే కదా.

నన్ను చూసి ఆమె ఒడియాలో అంది, నాన్నకు వినబడటం లేదని తనకు మొదటి వారమే తెలుసట. ఏటేటా బేరంలో తనాడే అబద్ధాలకు గొడవ పడే మనిషి, ఈ ఏడు ప్రతి మాటకీ తలాడించాడట.

నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు. "ఎప్పట్నించి తెలుసే నీకు?"

నేను ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాను. "గూడ్సు బండి కూతేసిన్నాటి నించి."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వడగలేదు."

ఆయన కాసేపు ఇసుకను పిడికిలితో పట్టి జార్చాడు. "బయ్యమేసిందమ్మీ" అన్నాడు. "సెవిటోడి దగ్గిర ఎవుడు కొంటాడు పుచ్చకాయి?" ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే నేను వంగి వినాల్సి వచ్చింది.

తర్వాత పక్కనున్న కాయ ఒకటి ఎత్తాడు. రెండు దెబ్బలు కొట్టాడు. కొట్టి, పైకి, గట్టిగా అడిగాడు.

"ఏటంటంది?"

"పచ్చిదంటంది" అన్నాను.

దించేసి ఇంకోటి ఎత్తాడు. "ఇదేటంటంది?"

పొద్దు వాలేదాకా అలాగే ఏరాం. ఆయన మచ్చ చూసేవాడు, నేను చప్పుడు చెప్పేదాన్ని. మా ఇద్దరికీ తేడా వస్తే మావుసీ తీర్పు చెప్పేది. మర్నాడు పొద్దున్నే ఆ బండి వెంట నాన్న నడిచి పెళ్లింటికి వెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. పెళ్లివారు ఇంకా బయలుదేరలేదు. నాన్న వాళ్ల వంటవాడి దగ్గర కత్తి అడిగి పుచ్చుకుని, వాకిట్లో కూర్చుని ఒక్కో కాయా అందరి ముందూ కోశాడు. జీవితంలో గాటు పెట్టి అమ్మని మనిషి. మొదటిది ఎర్రగా విచ్చుకుంది. గార్డు గారు ఒక ముక్క తిని నా దగ్గరికి వచ్చి, "మీ నాన్నకి సెప్పమ్మా, నిన్న మావోళ్లు నవ్వేరు, తప్పయిపోయింది" అన్నాడు. నేను చెప్పాను. నాన్న తల వంచుకుని కోస్తూనే ఉన్నాడు.

అప్పటి నుంచి మా కొట్లోనూ కత్తి ఉంది. సంగతి ఊరందరికీ తెలిసిపోయాక కొందరు దగ్గరికొచ్చి చెవి దగ్గర అరిచేవాళ్లు, కొందరు చేతులతో అడిగేవాళ్లు. వెనక నుంచి 'సెవిటి సావుకారు' అన్నవాళ్లూ ఉన్నారు. అమ్మడం ఆగలేదు. వానలు పడ్డాక కుడి చెవి సగం తిరిగొచ్చింది, ఎడమది రాలేదు. కోపం మాత్రం ముందుకంటే పెరిగింది. గుమ్మం పక్కన ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటే తన గురించేనని లేచి వచ్చేవాడు. వరండాలో తెల్లవారుజాము నడక చివరిదాకా పోలేదు.

నాకు పెళ్లయి దామంజోడి వెళ్లాను. మా ఆయన అక్కడ ఫ్యాక్టరీలో టెక్నీషియను. కాలనీ అప్పుడప్పుడే కడుతున్నారు, ఎక్కడ చూసినా ఎర్రమట్టి దుమ్ము. ఒక వేసవిలో నాన్న చూడటానికి వచ్చి నాలుగు రోజులున్నాడు. వెళ్లే రోజు మధ్యాహ్నం, క్వార్టరు ముందు గదిలో ఇద్దరమే ఉన్నాం. పదిహేనేళ్లుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది.

"నాన్నా, ఆ పెళ్లి కాయలు ఏరిన్నాడు నాకన్నీ ఇనబడ్డాయి. కావాలనే మొకం కదపలేదు నాను. మావుసీ పచ్చివని సెప్పింది కూడా నీకు సెప్పలేదు."

ఆయన కుడి వైపే కూర్చున్నాను. గట్టిగానే అన్నాను. పక్కింటి వాళ్లకు కూడా వినబడి ఉంటుంది. నాన్న కిటికీ వైపు చూస్తూ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"లక్ష్మీపూర్ మీద నించి రాయగడెళ్లే బస్సు నాలుక్కేనామ్మీ?" అన్నాడు.

విన్నాడో లేదో తెలియలేదు. మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు. నాలుక్కేనని వేళ్లు చూపించాను. జంతికలు పొట్లం కట్టి సంచిలో పెట్టాను. బస్సు ఆ రోజు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటసేపూ స్టాపులో సిమెంటు దిమ్మ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన లేచి రోడ్డు వైపు చూసి వచ్చి కూర్చుంటున్నాడు. నేను చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాను.